తొలి పారిశ్రామిక అమెరికా: ఆర్థిక వృద్ధి, కార్మిక సంఘాలు, విస్తరించిన ప్రభుత్వం – తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు మిడిల్ స్కూలులోనే ఈ కాలం పాఠంగా వస్తుంది. ఇక్కడ చరిత్ర చదివే డిగ్రీ విద్యార్థులకూ, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారికీ పారిశ్రామిక విప్లవంలో భాగంగా ఇది ఎదురవుతుంది. అయితే చాలా పుస్తకాల్లో కాలువలూ రైళ్ళూ ఒక అధ్యాయంలో, సుంకాలూ బ్యాంకులూ మరో అధ్యాయంలో ఉంటాయి, సమ్మెలకు చివర ఒక పేరా దక్కుతుంది. ఈ మూడింటినీ విడదీసి చదివితే ఏదీ సరిగా అర్థం కాదు. ప్రభుత్వం మొదటి రోజు నుంచీ రంగంలోనే ఉంది. అది ముందుగా ఎవరికి అండగా నిలిచింది, కార్మికుల మొర వినడానికి దానికి ఎన్ని దశాబ్దాలు పట్టింది అన్నదే ఈ సమాధానాల్లో ముఖ్యంగా కనిపిస్తుంది.

"తొలి పారిశ్రామిక అమెరికా" అంటే ఏ కాలం?

స్థూలంగా 1790 నుంచి 1860 వరకు, అంటే రాజ్యాంగం అమలులోకి వచ్చిన తొలి రోజుల నుంచి అంతర్యుద్ధం ముంగిటి దాకా. 1790లో దేశ జనాభా 39 లక్షలు, 1860 నాటికి 3 కోట్ల 14 లక్షలు. కార్నెగీ ఉక్కు, రాక్‌ఫెల్లర్ చమురు, 1877 నాటి రైల్వే సమ్మె ఇవన్నీ తర్వాతి తరానివి. ఆ పెద్ద కథకు కావలసిన సరంజామా అంతా ఈ డెబ్బై ఏళ్ళలోనే సిద్ధమైంది.

పరిశ్రమలు ఎక్కడ, ఎలా మొదలయ్యాయి?

రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ అనే ఊరిలో, నూలు వడికే యంత్రాలతో మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఇంగ్లండు తన యంత్రాలనే కాక, వాటిని చేయగల పనివారిని సైతం దేశం దాటనిచ్చేది కాదు. అక్కడి మిల్లులో పని నేర్చిన శామ్యూల్ స్లేటర్ 1789లో అమెరికా చేరి, మోజెస్ బ్రౌన్ అనే వర్తకుడి పెట్టుబడితో, జ్ఞాపకం మీదనే ఆ యంత్రాలను నిలబెట్టాడు. 1790 డిసెంబరులో మొదలైన ఆ పనిలో తొలి కార్మికులు సుమారు ఏడు నుంచి పన్నెండేళ్ళ వయసు పిల్లలు. అమెరికా పరిశ్రమ చరిత్ర పసిపిల్లల చేతులతో మొదలైందన్న సంగతి ప్రతి విద్యార్థికీ తెలియాలి.

రెండో అడుగు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్‌ది. ఈ బోస్టన్ వర్తకుడు 1810 నుంచి రెండేళ్ళపాటు బ్రిటన్‌లో తిరిగి మరమగ్గాల పనితీరును మనసులో నిలుపుకొని వచ్చాడు. 1814 నాటికి వాల్తమ్‌లో పత్తి లోపలికి వెళ్ళి బట్టగా బయటికి వచ్చే మిల్లు నడిచింది. వడకడం, నేయడం ఒకే కప్పు కిందికి వచ్చాయి. ఈ లోపు 1807 నాటి నౌకా వాణిజ్య నిషేధం, బ్రిటన్‌తో 1812లో వచ్చిన యుద్ధం వల్ల బ్రిటిష్ సరుకు రాక ఆగిపోవడంతో, సముద్ర వ్యాపారంలో తిరగాల్సిన బోస్టన్ డబ్బు మిల్లుల వైపు మళ్ళింది. లోవెల్ 1817లోనే మరణించాడు. అతని భాగస్వాములు మెరిమాక్ నది జలపాతం పక్కన కట్టిన ఊరికి అతని పేరు పెట్టారు. 1826లో పట్టణ హోదా పొందిన ఆ లోవెల్ 1850 నాటికి 33 వేల జనాభాతో మసాచుసెట్స్‌లో రెండో పెద్ద నగరమైంది.

లోవెల్ మిల్లుల్లో పని ఎలా ఉండేది?

న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) పల్లెల నుంచి వచ్చిన, పెళ్ళికాని యువతులే అక్కడి శ్రామికుల్లో అత్యధికులు. కంపెనీ వసతి గృహాల్లో ఉండాలి, రాత్రి పది గంటలకు తలుపులు మూసేస్తారు, ఆదివారం చర్చికి వెళ్ళడం నియమం. నిద్ర లేవడం, తినడం, మగ్గం ముందు నిలబడడం అన్నీ గంట కొట్టిన ప్రకారం జరగాలి. ఊళ్ళో తమ ఇంట ఎంత శ్రమపడినా చేతికి డబ్బు రాని అమ్మాయిలకు ఇక్కడ నగదు జీతం వచ్చేది. తమ్ముళ్ళ చదువుకు పంపినవారు, అప్పులు తీర్చినవారు, గ్రంథాలయంలో చందా కట్టి చదువుకున్నవారు వారిలో ఉన్నారు. ఆ స్వేచ్ఛ నిజమైనదే. దానికి వారు చెల్లించిన వెల కూడా అంతే నిజమైనది.

ఆ వెల ఎంతో తెలుసుకోవడానికి ఒక సాక్ష్యం చాలు. 1845లో మసాచుసెట్స్ శాసనసభ సంఘం ముందు ఎలైజా హెమింగ్‌వే అనే నేతపనిచేసే స్త్రీ ఇచ్చిన వాఙ్మూలం ప్రకారం, వేసవిలో ఉదయం 5 గంటలకు మొదలైన పని సాయంత్రం 7 దాకా సాగేది. ఉదయపు ఆహారానికి అరగంట, మధ్యాహ్న భోజనానికి ముప్పావు గంట విరామం. ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ భోజనానికి కూడా అరగంటే ఇచ్చేవారు. ఆమె పనిచేసే గదిలో సుమారు 130 మంది స్త్రీలు, 11 మంది పురుషులు, 11 నుంచి 14 ఏళ్ళ మధ్య వయసున్న 12 మంది పిల్లలు ఉండేవారు. చీకటి పడ్డాక పని సాగాలంటే ఆ ఒక్క గదిలో 293 చిన్న దీపాలు, 61 పెద్ద దీపాలు వెలిగించేవారు. గాలి పొడిగా ఉంటే దారం తెగుతుందని కిటికీలు మూసి ఉంచేవారు. అన్ని దీపాల పొగ, దారపు నుసి, తేమ కలిసిన గాలినే అందరూ పీల్చాలి. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో కొత్త దారపు కండె పెట్టిన ప్రతిసారీ దారపు కొసను నాడె కంతలోంచి నోటితో పీల్చి లాగే పద్ధతి ఉండేది. దారంతోపాటు నుసి కూడా గొంతులోకి పోయేది. మగ్గం పక్కన పెరిగిన తెలుగు పాఠకులకు ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఆ యువతులు ఎదురు తిరిగారా?

తిరిగారు, ఒకసారి కాదు. 1834 ఫిబ్రవరిలో జీతాలు తగ్గిస్తామన్నప్పుడు సుమారు 800 మంది పని ఆపి వీధుల్లోకి వచ్చారు. 1836లో వసతి గృహాల ఖర్చు పెంచినప్పుడు 1,500 నుంచి 2,000 మంది దాకా బయటికి నడిచారు. అప్పటికి పదకొండేళ్ళ వయసున్న హారియెట్ హాన్సన్ తన అంతస్తులో పెద్దవాళ్ళు తటపటాయిస్తుంటే తానే ముందు కదిలింది, మిగిలినవారు ఆమె వెనుక నడిచారు. వసతి గృహం నడిపే ఆమె తల్లిని, కూతురిని అదుపు చేయలేదన్న కారణంతో, కంపెనీ ఆ పని నుంచి తొలగించింది. మొదటి సమ్మె ఓడిపోయింది, రెండోసారి కొన్ని కంపెనీలు వెనక్కి తగ్గాయి. శాశ్వత సంఘం మాత్రం 1844 డిసెంబరులో ఏర్పడింది. సారా బాగ్లీ అధ్యక్షురాలిగా లోవెల్ మహిళా శ్రామిక సంస్కరణ సంఘం పదిగంటల పనిదినం కోసం సంతకాలు సేకరించి శాసనసభకు వినతిపత్రాలు పంపింది.

దేశం సంపద అంత వేగంగా పెరగడానికి ముఖ్య కారణం యంత్రాలేనా?

యంత్రాలు సగం కారణమే, మిగతా సగం రవాణా. సరుకు కదలడానికి దారి లేని చోట ఎంత తయారుచేసినా ప్రయోజనం ఉండదు. బఫలో నుంచి న్యూయార్క్ నగరానికి బండ్ల మీద ఒక టన్ను సరుకు తేవడానికి సుమారు 100 డాలర్లు అయ్యేది. ఈరీ కాలువ వచ్చాక అది 10 డాలర్లకు, ఆ తర్వాత అంతకన్నా కిందికి పడిపోయింది. 363 మైళ్ళ పొడవు, నాలుగు అడుగుల లోతు, 83 లాకులు. ధవళేశ్వరం నుంచి సాగే కాలువల మీద లాకులు చూసినవారికి పడవను మెట్టు మెట్టుగా ఎక్కించి దించే ఆ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. 1817లో తవ్వకం మొదలై 1825లో పూర్తయింది. ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలతో సహా వేలమంది పారలతో, మందుగుండుతో తవ్విన కాలువ అది. చికాగో, క్లీవ్‌లాండ్ వంటి నగరాల ఎదుగుదలకూ, న్యూయార్క్ దేశపు మొదటి రేవుగా నిలవడానికీ ఈ కాలువ చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఆ తర్వాత రైళ్ళు వచ్చాయి. 1850లో 9 వేల మైళ్ళున్న రైలుమార్గం 1860 నాటికి 30 వేల మైళ్ళు దాటింది.

ఆ కాలంలో ప్రభుత్వం ఆర్థిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోలేదంటారు. నిజమేనా?

కాదు. ఈ అపోహ ఎంతగా పాతుకుపోయిందంటే, దీనికి కాస్త విపులంగానే సమాధానం చెప్పాలి.

మొదట ఈరీ కాలువ సంగతే చూడండి. దానిని కట్టింది ఏ కంపెనీ కాదు, న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం. కేంద్ర సహాయానికి ప్రయత్నిస్తే, రాజ్యాంగం అటువంటి ఖర్చుకు అధికారం ఇవ్వలేదంటూ అధ్యక్షుడు మాడిసన్ 1817లో అంతర్గత నిర్మాణాల బిల్లును వీటో చేశాడు. గవర్నర్ డెవిట్ క్లింటన్ పట్టుదలతో రాష్ట్రమే బాండ్లు అమ్మి సుమారు 70 లక్షల డాలర్లు సమకూర్చుకుంది, పడవల సుంకంతో అప్పు తీర్చింది. ఆ విజయం చూసి పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా, ఇల్లినాయిస్ వంటి రాష్ట్రాలు అప్పులు తెచ్చి కాలువలు, రైళ్ళు మొదలుపెట్టాయి.

ఇక ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వం. ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791లోనే తయారీ పరిశ్రమలకు ప్రభుత్వ ప్రోత్సాహం కావాలని కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చాడు. అదే ఏడు మొదటి జాతీయ బ్యాంకు, 1816లో రెండోది ఏర్పడ్డాయి. మేరీలాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పడమటికి జాతీయ రహదారి నిర్మాణం 1811లో మొదలై 1818కి ఒహాయో నది ఒడ్డున వీలింగ్ చేరింది. 1790లో 75 ఉన్న తపాలా కార్యాలయాలు 1830కి 8 వేలు దాటాయి. 1831లో ఫెడరల్ ప్రభుత్వ పౌర ఉద్యోగుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది తపాలా శాఖవారే. ధరల వార్తలు, పత్రికలు, వర్తకుల ఉత్తరాలు ఊరూరికీ చేరడం వల్లనే అంత పెద్ద దేశం ఒకే బజారుగా మారగలిగింది. స్ప్రింగ్‌ఫీల్డ్, హార్పర్స్ ఫెర్రీల్లోని ప్రభుత్వ ఆయుధశాలల్లో ఒక తుపాకి భాగం మరో తుపాకికి సరిపోయేలా చేసే పద్ధతి దశాబ్దాల ప్రభుత్వ ఖర్చుతో పరిణతి చెంది, అక్కడ పని నేర్చిన మెకానిక్కుల ద్వారా కుట్టుమిషన్ల వంటి పరిశ్రమలకు పాకింది. మోర్స్ టెలిగ్రాఫ్‌కు కాంగ్రెస్ 1843లో 30 వేల డాలర్లు ఇస్తేనే మరుసటి ఏడు వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య తీగ పడింది. పైన చెప్పిన సారా బాగ్లీ 1846లో లోవెల్ టెలిగ్రాఫ్ కార్యాలయంలో చేరి, దేశంలో ఆ పని చేసిన తొలి మహిళల్లో ఒకరయ్యారు.

న్యాయస్థానాల పాత్ర కూడా ఇందులో భాగమే. చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ 1819లో జాతీయ బ్యాంకును రాష్ట్రాలు పన్నుతో దెబ్బతీయలేవని తీర్పు చెప్పాడు. 1824లో గిబన్స్, ఆగ్డెన్ల వ్యాజ్యంలో న్యూయార్క్ ఇచ్చిన స్టీమరు గుత్తాధిపత్యాన్ని కొట్టివేసి, రాష్ట్రాల మధ్య వాణిజ్యం కాంగ్రెస్ పరిధిలోదని తేల్చాడు. 1837లో ఆయన వారసుడు రోజర్ టానీ పాత వంతెన కంపెనీకి ఇచ్చిన చార్టర్‌లో (ప్రభుత్వ అనుమతి పత్రంలో) స్పష్టంగా రాయని గుత్తహక్కును ఊహించకూడదంటూ కొత్త వంతెనకు దారి ఇచ్చాడు. కంపెనీ పెట్టాలంటే శాసనసభ ప్రత్యేక చట్టం చేయాల్సిన పద్ధతి పోయి, ఎవరైనా నమోదు చేసుకోగల సాధారణ చట్టాలు కూడా క్రమంగా వచ్చాయి.

కాబట్టి ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పెట్టుబడికి దారులు, రక్షణ, చట్టబద్ధత, అప్పు అన్నీ అందించింది. పని గంటల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రమే "ఇది మా పరిధి కాదు" అన్నది.

దిగుమతి సుంకాల వివాదం ఏమిటి? దానికీ భారతదేశానికీ సంబంధం ఉందా?

ఉంది. 1816 సుంకాల చట్టంలో నూలు బట్టకు ఒక ప్రత్యేక నిబంధన పెట్టారు. దిగుమతైన బట్ట గజం ఎంత చవకగా కొన్నా సరే, దాని విలువ కనీసం 25 సెంట్లని లెక్కగట్టి, దాని మీద 25 శాతం సుంకం వసూలు చేయాలి. అంటే గజానికి ఆరు సెంట్లు పైచిలుకు. ఖరీదైన బ్రిటిష్ బట్టకు ఇది పెద్ద భారం కాదు. భారతదేశం నుంచి వచ్చే చవక ముతక బట్టకు మాత్రం వాకిలి మూసుకుపోయినట్టే. వాల్తమ్ మిల్లు నేసేది సరిగ్గా ఆ రకం ముతక బట్టనే, లోవెల్ స్వయంగా వాషింగ్టన్ వెళ్ళి ఈ నిబంధన కోసం పట్టుబట్టాడు. బ్రిటిష్ మిల్లుల పోటీతో మన నేతగాళ్ళు చితికిపోయిన కథ అందరికీ తెలుసు. ఒక విదేశీ మార్కెట్టు అమెరికా చట్టం వల్ల కూడా మూసుకుపోయిందన్న సంగతి అంతగా తెలియదు.

అమెరికా లోపల ఈ సుంకాలు ఉత్తర, దక్షిణ రాష్ట్రాల తగవుగా మారాయి. 1828 చట్టంలో రేట్లు మరీ పెరగడంతో దక్షిణాదివారు దానిని "అసహ్యాల సుంకం" అని పిలిచారు. 1832లో సౌత్ కరోలినా ఆ చట్టాలు తమ రాష్ట్రంలో చెల్లవని ప్రకటించింది. 1816లో సుంకాన్ని సమర్థించిన ఆ రాష్ట్ర నాయకుడు జాన్ కాల్హూనే ఈ ధిక్కారానికి సిద్ధాంతకర్త. అధ్యక్షుడు జాక్సన్ సైన్యాన్ని వాడే అధికారం కాంగ్రెస్ నుంచి తీసుకున్నాడు, సెనేటర్ హెన్రీ క్లే 1833లో రేట్లు క్రమంగా తగ్గించే రాజీ కుదిర్చాడు.

బానిసత్వం లేకుండా ఈ వృద్ధి సాధ్యమయ్యేదా?

జరిగిన చరిత్రలో మాత్రం ఉత్తరాది మిల్లులకు పత్తి దక్షిణాది బానిస తోటల నుంచే వచ్చింది. ఎలై విట్నీ 1794లో పేటెంటు పొందిన గింజలు తీసే యంత్రం శ్రమను తగ్గిస్తుందనుకుంటే, పత్తి సాగు లాభసాటియై బానిసల సంఖ్య పెరిగింది. 1790లో సుమారు 7 లక్షల మంది ఉంటే 1860లో దాదాపు 40 లక్షల మంది. అంతర్యుద్ధానికి ముందు దశాబ్దాల్లో దేశపు ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. లోవెల్ మిల్లులు నేసిన ముతక బట్టలో కొంత తిరిగి ఆ బానిసల ఒంటి మీదికే చేరింది. బోస్టన్ పెట్టుబడిని, లోవెల్ యువతుల శ్రమను, మిసిసిపీ తోటల కొరడాను వేర్వేరు అధ్యాయాలుగా చదవడం ఆ మనుషులకు అన్యాయం చేయడమే. ఆ తోటలు వేసిన నేల కూడా ఖాళీగా దొరకలేదు. 1830 నాటి తరలింపు చట్టంతో చెరోకీ, క్రీక్, చోక్తా తదితర జాతుల ప్రజలను ఫెడరల్ ప్రభుత్వమే వారి స్వస్థలాల నుంచి వెళ్ళగొట్టింది.

తొలి కార్మిక సంఘాలు ఎవరివి? అవి చట్టవిరుద్ధంగా ఉండేవా?

మిల్లు కార్మికులకన్నా ముందు సంఘాలు కట్టింది పట్టణాల చేతిపనివారు: బూట్లు కుట్టేవారు, దర్జీలు, వడ్రంగులు, అచ్చు పనివారు. పాత పద్ధతిలో పనివాడు కొన్నేళ్ళు మేస్త్రీ దగ్గర పనిచేసి, డబ్బు కూడబెట్టుకొని తానూ మేస్త్రీ అయ్యేవాడు. దూరపు బజార్లకు సరుకు చేయడం మొదలయ్యాక మేస్త్రీ వ్యాపారిగా మారాడు, పనివాడు జీవితాంతం కూలివాడుగానే మిగిలిపోయాడు. సంఘం అవసరం అక్కడ పుట్టింది.

ఫిలడెల్ఫియా బూట్ల పనివారి సంఘం 1794 నాటిది. కూలి పెంచాలని సమ్మె చేసినందుకు 1806లో వారిలో ఎనిమిది మంది మీద నేరపూరిత కుట్ర కేసు పెట్టారు. ఒక్కడు తన కూలి పెంచమని అడగవచ్చు కానీ పలువురు కలిసి అడిగితే కుట్ర అవుతుందన్నది ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న సూత్రం. జూరీ వారిని దోషులని తేల్చింది, ఒక్కొక్కరికి 8 డాలర్ల జరిమానా, కోర్టు ఖర్చులు పడ్డాయి. జరిమానా చిన్నదే కానీ ఆ సూత్రం ముప్పై ఏళ్ళకు పైగా కార్మికుల మెడ మీద కత్తిలా వేలాడింది. 1836లో న్యూయార్క్‌లో ఇరవై మంది దర్జీలకు శిక్ష పడినప్పుడు వేలమంది నగర మందిరం ముందు సభ జరిపి నిరసన తెలిపారు.

మలుపు 1842లో వచ్చింది. బోస్టన్ బూట్ల పనివారి కేసులో మసాచుసెట్స్ చీఫ్ జస్టిస్ లెమ్యుయెల్ షా, సంఘం పెట్టుకోవడం దానంతట అది నేరం కాదనీ, దాని లక్ష్యం గానీ అనుసరించిన మార్గం గానీ నేరమైతేనే కుట్ర అవుతుందనీ తీర్పిచ్చాడు. ఈ తీర్పును చాలామంది కార్మికుల విముక్తి పత్రంగా వర్ణిస్తారు. అదే ఏడు అదే న్యాయమూర్తి ఇచ్చిన ఇంకో తీర్పును దాని పక్కన పెట్టి చూడాలని నేను కోరతాను. రైల్వే ఉద్యోగి ఒకరి అజాగ్రత్త వల్ల పట్టాలు తప్పిన రైలు కింద ఇంజను డ్రైవరు ఫార్వెల్ కుడి చెయ్యి పోయింది. అతని జీతంలోనే ప్రమాదానికి తగిన ప్రతిఫలం కలిసి ఉందనీ, తోటి ఉద్యోగి తప్పుకు కంపెనీ బాధ్యత వహించనక్కరలేదనీ షా తేల్చాడు. ఆ సూత్రాన్ని దేశంలోని కోర్టులు దాదాపు అన్నీ అందిపుచ్చుకున్నాయి. చేతులు కలపడానికి అనుమతి దొరికింది, తెగిన చేతికి పరిహారం మాత్రం దొరకలేదు.

పదిగంటల పోరాటం అంటే ఏమిటి?

పొలం పని లెక్కలో పనిదినం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉండేది. పొలంలో విత్తులు, కోతల మధ్య ఖాళీ ఉంటుంది, పట్టణపు పనిలో ఆ ఖాళీ లేదు. 1827లో ఫిలడెల్ఫియా వడ్రంగులు పదిగంటల పనిదినం అడిగి ఓడిపోయారు. ఆ అనుభవం నుంచే వేర్వేరు వృత్తుల సంఘాలన్నీ కలిసిన మొదటి నగర సమాఖ్య, మరుసటి ఏడు శ్రామికుల పార్టీ పుట్టాయి. అందరికీ ఉచిత ప్రభుత్వ పాఠశాలలు కావాలని, అప్పు తీర్చలేనివారిని జైలులో పెట్టడం మానాలని ఆ పార్టీ కోరింది. ఈ రెండూ తర్వాతి దశాబ్దాల్లో ఒక్కో రాష్ట్రంలో అమలయ్యాయి.

1835లో బోస్టన్ వడ్రంగులు పంచిన ఒక కరపత్రం ఫిలడెల్ఫియా చేరింది. స్కూల్‌కిల్ నది రేవులో బొగ్గు మోసే హమాలీలు ముందుగా పని ఆపారు. వారి వెనుక చర్మకారులు, తాపీ పనివారు, బట్టల మిల్లు కార్మికులు, చివరికి నగరపాలక సంస్థ పనివారు కూడా చేరారు. "ఆరు నుంచి ఆరు" అన్నది వారి నినాదం: ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, అందులో రెండు గంటలు భోజనాలకు, పదిగంటలు పనికి. నైపుణ్యం ఉన్నవారూ లేనివారూ ఒక్కటై నిలిచిన ఆ జూన్ నెల సమ్మె గెలిచింది. నగరపాలక సంస్థ తన పనివారికి పదిగంటల దినం ఇచ్చింది, ప్రైవేటు యజమానులు వరుసగా ఒప్పుకున్నారు. తొలి పారిశ్రామిక అమెరికాలో ఇంతటి సంపూర్ణ విజయం మరొకటి నాకు కనిపించదు.

గెలిచిన సంఘాలు ఎందుకు నిలబడలేదు?

1837 ఆర్థిక సంక్షోభం వల్ల. బ్యాంకులు బంగారం చెల్లింపులు ఆపేశాయి, పనులు ఆగిపోయాయి, కూలి పడిపోయింది. వీధిలో నిరుద్యోగి ఎదురుచూస్తుంటే సమ్మె చేసే ధైర్యం ఎవరికుంటుంది? 1830ల నగర సమాఖ్యలు, 1834లో ఏర్పడిన జాతీయ సంఘం దాదాపుగా అంతరించాయి. అదే సంక్షోభం ప్రభుత్వాలనూ కుంగదీసింది. కాలువల కోసం తెచ్చిన అప్పులు తీర్చలేక 1840ల మొదట్లో ఎనిమిది రాష్ట్రాలు, ఫ్లోరిడా ప్రాంతం ఎగవేతకు దిగాయి. తర్వాత న్యూయార్క్‌తో సహా అనేక రాష్ట్రాలు తమ రాజ్యాంగాల్లో రుణపరిమితులు రాసుకున్నాయి. ప్రభుత్వ విస్తరణ ఎప్పుడూ ఎదుగుతూనే పోలేదని ఇక్కడ గమనించాలి.

ప్రభుత్వం ఎప్పుడైనా కార్మికుల వైపు నిలిచిందా?

నిలిచిన సందర్భాలున్నాయి, ఆలస్యంగా, అరకొరగా. 1840 మార్చి 31న అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ ఫెడరల్ ప్రజాపనుల్లో కూలి తగ్గించకుండా పదిగంటల దినం అమలు చేయాలని ఉత్తర్వు ఇచ్చాడు. మసాచుసెట్స్ 1836లో మిల్లుల్లో పనిచేసే పదిహేనేళ్ళలోపు పిల్లలకు ఏడాదిలో మూడు నెలల బడి తప్పనిసరి చేసింది, 1842లో పన్నెండేళ్ళలోపు వారికి పదిగంటల పరిమితి పెట్టింది. న్యూ హాంప్‌షైర్ 1847లో పెద్దలకు పదిగంటల చట్టం చేసిన మొదటి రాష్ట్రం. అయితే కార్మికుడు విడిగా ఒప్పందం రాసిస్తే ఎక్కువ గంటలు పనిచేయించుకోవచ్చన్న వెసులుబాటు ఉండడంతో, యజమానులు ఆ కాగితం మీద సంతకం పెట్టనివారికి పని లేదన్నారు.

ఎలైజా హెమింగ్‌వే సాక్ష్యం విన్న శాసనసభ సంఘం ఏం చేసింది? గంటలు ఎక్కువేనని ఒప్పుకుంటూనే, చట్టం చేస్తే రాష్ట్రపు మిల్లులు పోటీలో వెనుకబడతాయనీ, కార్మికులు తమ బేరం తాము కుదుర్చుకోగలరనీ చెప్పి చేతులు దులుపుకుంది. ఆ సంఘం అధ్యక్షుడు విలియం షౌలర్ లోవెల్‌లో పత్రిక నడిపే వ్యక్తి. ఓటు హక్కు లేని ఆ స్త్రీలు అతన్ని ఓడించమని ఓటర్లను కోరారు, ఆ ఏడు ఎన్నికల్లో అతడు ఓడిపోయాడు. స్త్రీలకు, పిల్లలకు పదిగంటల చట్టం మసాచుసెట్స్‌లో వచ్చింది 1874లో. దాని కోసం సంతకాలు పెట్టిన యువతుల కూతుళ్ళ తరానికి గానీ అది అందలేదు.

సంఘాల్లో అందరికీ చోటు ఉండేదా?

లేదు. ఆ లోటును దాచి చెప్పే చరిత్ర సగం చరిత్రే. బానిసత్వం నుంచి తప్పించుకొని 1838లో న్యూ బెడ్‌ఫర్డ్ చేరిన ఫ్రెడరిక్ డగ్లస్ ఓడల పలకల సందుల్లో నీరు చొరకుండా పూడ్చే పనిలో నేర్పరి. నల్లవాడు చేరితే తాము పని మానేస్తామని తెల్ల పనివారు అనడంతో ఆయన కట్టెలు కొట్టడం, బరువులు మోయడం వంటి పనులతో బతకవలసి వచ్చింది. స్త్రీలను చాలా వృత్తి సంఘాలు చేర్చుకోలేదు. 1845 కరువు తర్వాత వచ్చిన ఐరిష్ కాందిశీకులు తక్కువ కూలికి ఒప్పుకుంటారన్న భయం ద్వేషంగా మారింది. 1850లలో లోవెల్ యువతుల స్థానంలోకి క్రమంగా వారే వచ్చారు.

1860 నాటికి పరిస్థితి ఏమిటి?

ఆ ఏడు జనవరి 10న మసాచుసెట్స్‌లోని లారెన్స్‌లో పెంబర్టన్ మిల్లు పనివేళలో కుప్పకూలి, ఆపైన మంటలు అంటుకొని దాదాపు వందమంది చనిపోయారు. నాసిరకం ఇనుప స్తంభాలు కారణమని విచారణలో తేలింది. ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజున, లిన్ పట్టణంలో బూట్ల కార్మికులు మొదలుపెట్టిన సమ్మె న్యూ ఇంగ్లండ్ అంతటా వ్యాపించింది. అంతవరకు దేశం చూసిన సమ్మెల్లో అదే పెద్దది. మార్చిలో వందలాది స్త్రీలు మంచులో ఊరేగారు. అప్పుడు ఆ ప్రాంతంలో పర్యటిస్తున్న లింకన్, కావలసినప్పుడు సమ్మె చేయగల శ్రమ వ్యవస్థ ఉన్నందుకు సంతోషమని బహిరంగంగా అన్నాడు. ఆ మాట బానిస శ్రమకూ స్వేచ్ఛా శ్రమకూ తేడా చూపడానికి అన్నది. అధ్యక్ష పదవికి పోటీ చేయబోయే నాయకుడు సమ్మె హక్కును గౌరవంగా ప్రస్తావించడం మాత్రం 1806 నుంచి చూస్తే చాలా దూరమే.

తర్వాత మూడేళ్ళలో ప్రభుత్వం ఒక్కసారిగా పెరిగింది. అంతర్యుద్ధపు ఖర్చుకు ఆదాయపు పన్ను, 1862లో ఖండాంతర రైలుమార్గానికి భూములూ బాండ్లూ, సాగుదారులకు 160 ఎకరాల భూమి, రాష్ట్రాలకు వ్యవసాయ కళాశాలల కోసం భూదానం, 1863లో జాతీయ బ్యాంకుల చట్టం వచ్చాయి. పత్తి ఎగుమతి ఆగిపోవడంతో బ్రిటిష్ మిల్లులు భారతదేశం వైపు చూశాయి, గుంటూరు ప్రాంతపు పత్తికి కూడా ఆ కాలంలో గిరాకీ వచ్చింది.

ఈ చరిత్ర కనిపించే చోట్లు ఇప్పటికీ ఉన్నాయా?

ఉన్నాయి, బోస్టన్ చుట్టుపక్కల తెలుగువారు పిల్లలను తప్పక తీసుకువెళ్ళాలి. లోవెల్‌లో 1978లో ఏర్పాటైన జాతీయ చారిత్రక ఉద్యానంలోని బూట్ మిల్లు మ్యూజియంలో పాత మరమగ్గాలు ఇప్పటికీ నడిపి చూపిస్తారు. చెవులు మూసుకోకుండా ఆ గదిలో ఎక్కువసేపు నిలబడలేరు. యువతుల వసతి గృహం ఒకటి పక్కనే ఉంది. రోడ్ ఐలండ్‌లో 1793 నాటి స్లేటర్ మిల్లు భవనం, న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్టులో కొండను మెట్లుగా దిగే ఈరీ కాలువ పాత లాకులు చూడవచ్చు. లోవెల్ వెళ్ళేటప్పుడు హారియెట్ హాన్సన్ కథ పిల్లలకు ముందుగానే చెప్పండి. ఆ అంతస్తులో ముందు కదిలిన అమ్మాయి వయసు వాళ్ళ వయసే.